కోళ్ళకు నట్టల మందు పట్టించండి

సంపాదకులకు నమస్కారం.

మా సొంతూరు హిందూపురం. మావారి ఉద్యోగం పుణ్యమా అని 30 ఏళ్ళ కిందట బెంగళూరు వచ్చి, ఇప్పుడు హెసరఘట్ట దగ్గర అరెకరం తోటలో ఉంటున్నాను. 22 నాటుకోళ్ళు, 4 టర్కీ కోళ్ళు ఉన్నాయి. చుట్టూ రాగి చేలు, గడ్డిబీళ్ళు. తెల్లవారకముందే నెమళ్ళ కేకలకు మెలకువ వస్తుంది. కోళ్ళకు రాగులు చల్లితే గోడమీంచి దిగి నెమళ్ళు కూడా తింటాయి. ఒకప్పుడు అది చూసి మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చప్పట్లు కొట్టి తోలేస్తున్నాను. ఎందుకో నలుగురికీ తెలియాలని ఈ ఉత్తరం.

పోయిన జూలైలో పక్క తోటలో ఆవులకు నేపియర్ గడ్డి కోస్తుంటే ఒక ఆడనెమలి బెదిరి లేచిపోయింది. అది కూర్చున్న చోట 4 గుడ్లున్నాయి. పొద్దుగూకేదాకా చూసినా తల్లి రాలేదు. కుక్కలు వదలవని ఆ ఇల్లాలు గుడ్లను కొంగులో తెచ్చి, పొదుగుడుకొచ్చిన కోడిపెట్ట కింద పెట్టింది. కోడిగుడ్డుకు 21 రోజులు, నెమలిగుడ్డుకు 28. అప్పటికే తల్లి కొన్నాళ్ళు పొదిగినట్టుంది, 24వ రోజున మూడు పిల్లలు బయటికొచ్చాయి. వారం దాటగానే గంప అంచు మీదికి ఎగిరి కూర్చునేవి. నెల తిరిగేసరికి సాయంత్రమైతే జామకొమ్మ మీదికి చేరేవి. కోడితల్లి మాత్రం కింద నిలబడి పిలుస్తూ ఉండేది.

సెప్టెంబరు వానలు పట్టాక ఒక సాయంత్రం రెండే కొమ్మెక్కాయి. మూడోది కిందే, రెక్కలు జారవేసి, ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు సగం మూసి నిలబడింది. నిద్రొచ్చిందేమో అనుకున్నారు ఆ ఇంటి పిల్లలు. మర్నాడు రెట్ట పసుపు కలిపిన నీళ్ళలా పడింది. మందుల షాపుకెళ్తే పక్షిని చూడకుండానే యాంటీబయాటిక్ పొడి ఇచ్చారు. నాలుగో రోజున ఆ పిల్ల పోయింది. అదే పొడి ఇంకాస్త ఎక్కువ కలిపి రెండోదానికి పట్టారు. అదీ పోయింది. అప్పుడు నాకు కబురొచ్చింది.

ఆ రెట్ట చూడగానే నా గుండె జారిపోయింది. మూడేళ్ళ కిందట అచ్చం అలాగే నా టర్కీలు ఐదు వరసగా పోయాయి. చివరిదాన్ని సంచిలో పెట్టుకుని హెబ్బాళ పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళాను. కోసి చూపించారు. కాలేయం మీద గుండ్రటి మచ్చలు, బొత్తాలు అతికించినట్టు. పేగు చివరి గుడ్డిపేగుల్లో గడ్డకట్టిన జున్నులాంటి ముద్ద. దాన్ని బ్లాక్‌హెడ్ అంటారని, హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల వస్తుందని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. పేరు చూసి మోసపోవద్దు, తల నల్లబడటం అన్ని పక్షుల్లోనూ ఉండదు.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఆమె తర్వాత చెప్పిన మాట. ఆ జబ్బు నా కోళ్ళ నుంచే వచ్చింది. కోళ్ళ గుడ్డిపేగుల్లో సన్నటి నట్టలు, అంటే పురుగులుంటాయి. ఆ నట్టల గుడ్ల లోపల ఈ సూక్ష్మజీవి దాక్కుంటుంది. రెట్టతో నేలమీద పడిన ఆ గుడ్లు ఏళ్ళ తరబడి చావవు. వానపాములు వాటిని మింగుతాయి, వాన పడగానే పైకొస్తాయి, పక్షులు వాటిని తింటాయి. కోడికి చాలాసార్లు ఏమీ కాదు, గుడ్లు పెడుతూ తిరుగుతుంది. టర్కీలు, నెమళ్ళు తట్టుకోలేవు. అంటే ఆ పిల్లలను గుడ్డులోనే చావకుండా కాపాడిన కోడితల్లి, వాటిని నడిపించి మేపిన నేల, రెండూ వాటికి ప్రమాదమే అయ్యాయి. దీనికి టీకా లేదు.

మూడో పిల్లను చీకటిగా ఉండే అట్టపెట్టెలో, గాలి ఆడేలా చిల్లులు పొడిచి, అడుగున గోనెపట్టా వేసి పెట్టించాను. ఎవరో పాలు పోయమన్నారు, ఇంకెవరో ముక్కు తెరిచి నీళ్ళు పట్టమన్నారు. నేను పట్టనివ్వలేదు. నీరసించిన పక్షి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ రాత్రే అటవీశాఖ వారికి చెప్పించాను. వాళ్ళు వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. బరువు తూచి ఆ సూక్ష్మజీవికి మెట్రోనిడజోల్, నట్టలకు ఫెన్‌బెండజోల్ ఇచ్చారట. ఆ పిల్ల బతికింది. అది మళ్ళీ మా వైపు రాలేదు, రాకూడదు కూడా.

గుడ్లు దొరికిన రోజే అటవీశాఖకు చెప్పాల్సిందని ఆ ఇల్లాలితో అన్నాను. 1963 నుంచి నెమలి మన జాతీయ పక్షి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉంది. దయతో తెచ్చినా ఇంట్లో పెంచడం నేరమే. తెల్ల నెమలికి ఇది వర్తించదని కొందరు నమ్ముతున్నారు. తెల్లనిది వేరే జాతి కాదు, రంగు మాత్రమే తేడా. ఆమె ఏడ్చింది. ఆమెను తప్పుపట్టే మనసు నాకు లేదు, ఆమెకు చెప్పినవాళ్ళెవరూ లేరు.

టర్కీలు, గిన్నికోళ్ళు, నాటుకోళ్ళు పెంచుకునేవారికి మాత్రం ఒక మాట. పక్షి జబ్బును దాచుకుంటుంది. ముడుచుకుని కూర్చునేసరికి సగం చేయి దాటిపోయినట్టే. అందుకే రోజూ రెట్ట చూడండి. గట్టిగా ఉండి పైన తెల్లటి సున్నం ఉంటే మంచిది. రోజుకు ఒకటి రెండు సార్లు గోధుమరంగు జిగురు రెట్ట పడటమూ మామూలే. నెత్తురు కనిపిస్తే రక్తపారుడు, పసుపురంగు అయితే నేను చెప్పిన జబ్బు కావచ్చు. మెడ చాచి నోరు తెరిచి తల విదిలిస్తుంటే గొంతులో నట్టలున్నాయేమో చూపించాలి. మెడ మెలితిరిగితే కొక్కెర తెగులును అనుమానించాలి, దానికి టీకాలున్నాయి. కంటికింద ఉబ్బి నురగ కారితే అది ఇంకో జబ్బు. ఈ అన్నిటికీ ఒకే పొడి పనిచేయదు. చేతిలోకి తీసుకుని రొమ్ము తడిమి చూడండి, ఎముక కత్తి అంచులా తగిలితే పక్షి చాలా రోజులుగా చిక్కిపోతోందన్నమాట. తాజా రెట్టను మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళండి, సూక్ష్మదర్శినిలో నట్టల గుడ్లు కనిపిస్తాయి. మెట్రోనిడజోల్ వాడిన పక్షి మాంసం, గుడ్లు తినకూడదని డాక్టరమ్మ నాకు గట్టిగా చెప్పారు.

నేను ఇప్పుడు టర్కీలను కోళ్ళు తిరగని చోటికి మార్చాను. మేత నేలమీద చల్లడం మానేసి తొట్లలో వేస్తున్నాను, రాత్రికి తొట్లు లోపల పెడుతున్నాను. కోళ్ళకు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం నట్టల మందు పట్టిస్తున్నాను.

పశుసంవర్ధక శాఖ వారు గొర్రెలకు, మేకలకు నట్టల నివారణ శిబిరాలు పెడుతుంటారు. నగరం అంచున నెమళ్ళు తిరిగే ఊళ్ళలో వానలకు ముందు ఒకరోజు కోళ్ళకు కూడా పెట్టాలని కోరుతున్నాను. సంచార పశువైద్యశాలలను పిలిచే 1962 నంబరు మా ఊళ్ళో చాలామందికి తెలియదు. దయచేసి అది పెద్ద అక్షరాల్లో అచ్చువేయండి. మా ఊరి పాలకేంద్రం గోడకు నేనే అంటిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
హెసరఘట్ట, బెంగళూరు