నర్సు ఉద్యోగం పతనమా?

సంపాదకులకు నమస్కారం.

పది రోజుల క్రితం మీ ఆదివారం అనుబంధంలో అమెరికా నవలా రచయిత్రి నెల్లా లార్సెన్ గురించి వ్యాసం వేశారు. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, తగ్గలేదు. రెండు నవలలతో వెలిగిన ఆమె చివరికి 'మామూలు నర్సుగా' మిగిలిపోయిందని వ్యాసకర్త జాలిపడ్డారు. ముప్పైరెండేళ్లు సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని. ఆ మాట నాకు గుచ్చుకుంది.

లార్సెన్ 1891లో షికాగోలో పుట్టారు. తల్లి డెన్మార్క్ స్త్రీ, తండ్రి కరేబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతివాడు. ఆమె 1915లోనే న్యూయార్క్‌లో నర్సింగ్ శిక్షణ పూర్తి చేశారు. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి వేళ ఆ నగరంలో నర్సుగానే ఉన్నారు. అక్కడే నల్లజాతివారు ఎక్కువగా ఉండే హార్లెం పేటలో గ్రంథాలయంలో పనిచేశారు. 'క్విక్‌సాండ్' 1928లో, 'పాసింగ్' 1929లో వచ్చాయి. అంటే నర్సే నవలలు రాసింది! మీ వ్యాసంలో విడాకులకూ, ఒక కథపై వచ్చిన గ్రంథచౌర్యం ఆరోపణకూ సగం పేజీ; నవలలకు నాలుగు వాక్యాలు.

'పాసింగ్'లో చూడటానికి తెల్లగా ఉండే నల్లజాతి స్త్రీ క్లేర్ తన పుట్టుక దాచి తెల్లవాడిని పెళ్లాడుతుంది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ పుట్టే బిడ్డ నల్లగా ఉంటుందేమోనని హడలిపోయానని, ఇక పిల్లలే వద్దని చెబుతుంది. ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ప్రసూతి వార్డులో బొడ్డు కోసి, తుడిచి, బిడ్డను గుడ్డలో చుట్టి బయటికి తెస్తే "రంగేమిటి సిస్టర్?" అని ముందుగా అడిగిన అత్తగార్లను ఎంతమందిని చూశానో. లోపల బల్ల మీద ఆ తల్లికి ఇంకా కుట్లు వేస్తూనే ఉంటారు. ఆ ప్రశ్న ఆమెకూ వినిపిస్తుంది.

1944లో లార్సెన్ మళ్లీ ఆసుపత్రి ఉద్యోగంలో చేరి, 1964లో చనిపోయేవరకు, సుమారు ఇరవై ఏళ్లు, న్యూయార్క్‌లోని మాన్‌హాటన్‌లో రోగులకు సేవ చేశారు. దాన్ని పతనం అంటారా?

మన దగ్గరా ఇదే చూపు. కోవిడ్ వేళ ఆసుపత్రుల మీద పూలు చల్లారు. నా దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు ఇప్పటికీ కాంట్రాక్టు మీదే ఉన్నారు. రాత్రిపూట వార్డంతటికీ ఒక్కతే. ఒక మంచం దగ్గర సెలైన్ మారుస్తుంటే మరో మంచం నుంచి కేక. మంత్రులు వస్తారు, ఫొటోలు దిగుతారు, ఖాళీలు మాత్రం అలాగే ఉంటాయి. పత్రికలైనా మా పనికి విలువ ఇవ్వకపోతే ఎవరిస్తారు?

'మామూలు' అన్న ఆ ఒక్క మాటకు సవరణ ప్రచురించండి.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, గుంటూరు