ఈమెయిల్‌కు స్టాంపు: ఇంగ్లీష్ పరీక్ష గురించి విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇరవై ఆరేళ్లు బడిలో ఇంగ్లీష్ చెప్పాను. అందులో పంతొమ్మిది వేసవులు పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దాను. ఈ ఉత్తరం కూడా ఆ చేత్తోనే రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ ఎర్ర సిరా అంటితే మన్నించాలి.

కొన్నేళ్ల కిందట ప్రశ్నపత్రాన్ని కాలానికి తగ్గట్టు మార్చామన్నారు. 'ఉత్తరం రాయండి' అని ఉన్నచోట 'ఈమెయిల్ రాయండి' అని వచ్చింది. ఆ ఏడాది నా ముందుకొచ్చిన కట్టలో ఒక జవాబు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. పేజీలో కుడిపక్క పైన ఊరి పేరు, దాని కింద తేదీ. తర్వాత 'రెస్పెక్టెడ్ సర్'. మధ్యలో గైడులో ఉన్న నాలుగు వాక్యాలు, కామా పొల్లుపోకుండా. చివర 'థాంకింగ్ యూ సర్', 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ'. పిల్లవాడు అక్కడితో ఆగలేదు. కింద స్కేలు పెట్టి నీటుగా ఒక డబ్బా గీశాడు. అందులో 'అడ్రస్ ఆన్ ది ఎన్వలప్' అని రాసి, డబ్బా మూలన చిన్న చదరం గీసి 'స్టాంప్' అని రాశాడు. ఈమెయిల్‌కు స్టాంపు!

గదిలో అందరం నవ్వుకున్నాం. తర్వాత దేనికెన్ని మార్కులు వేయాలో చెప్పే కీ తీసి చూశాం. ఫార్మాట్‌కు రెండు మార్కులని ఉంది. ఫార్మాట్ అంటే ఏమిటో లేదు. "వేసేయండి మేడం, వాడి తప్పేముంది? పాత గైడులో అలాగే ఉంది" అంది పక్క టేబులు టీచర్. రెండూ వేశాను. ఆవిడ అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. మనం మార్చింది ప్రశ్న పేరునే. పిల్లవాడు చేసిన పని మాత్రం వాళ్ల నాన్న పరీక్షలో చేసినదే: ముందే వచ్చిన జవాబును గుర్తు తెచ్చుకుని దింపడం.

మంత్రిగారూ, నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలో సెల్‌ఫోను, ఇంటర్నెట్, సోషల్ మీడియా అనే మాటలు చేర్చినంత మాత్రాన పరీక్ష కొత్తది కాదు. ముందెప్పుడూ చూడని ఇంగ్లీష్‌ను పిల్లల ముందు పెట్టి, దానితో ఒక పని చేయమని అడిగితేనే అది ఈ కాలపు పరీక్ష. 'సోషల్ మీడియా – లాభనష్టాలు' అని వ్యాసం అడగడానికీ, నలభై ఏళ్ల కిందట 'విజ్ఞానశాస్త్రం – వరమా, శాపమా' అని అడగడానికీ నాకైతే తేడా కనిపించలేదు. రెండూ బట్టీకే లొంగుతాయి. మొదటి పేరా, చివరి పేరా కూడా దాదాపు ఒకటే.

నా పాత విద్యార్థిని ఒకామె సంగతి చెబుతాను. ఇంగ్లీష్‌లో క్లాసు ఫస్టు. వాక్యాలు మార్చే ప్రశ్నల్లో ఒక్క మార్కు పోయేది కాదు. చదువయ్యాక ఉద్యోగంలో చేరింది. ఏడాది తిరక్కుండా ఇంకోచోట మంచి అవకాశం రావడంతో ఇక్కడ మానేస్తానని ఫోన్‌లో చెప్పి వచ్చేసింది. ఆఖరి నెల జీతం పడలేదు. ఏమైందో చూడండి మేడం అంటూ ఆఫర్ లెటర్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. రెండో పేజీ మధ్యలో, చిన్న అక్షరాల్లో, 'అన్‌లెస్ ది ఎంప్లాయీ గివ్స్ థర్టీ డేస్ రిటన్ నోటీస్' అని మొదలయ్యే వాక్యం ఉంది. ముప్పై రోజుల ముందు రాతపూర్వకంగా చెబితే తప్ప ఆఖరి నెల జీతం ఇవ్వరని దానర్థం. దాని కిందే ఆమె సంతకం.

'ఇఫ్ నాట్' వాక్యాన్ని 'అన్‌లెస్'తో తిరగరాయడం ఆ అమ్మాయికి నేర్పింది నేనే. వందసార్లు రాయించి ఉంటాను. "ఆ వాక్యాన్ని మార్చమంటే మార్చేసేదాన్ని మేడం. ఆగి చదవాలని మాత్రం తట్టలేదు" అంది. ఆమె నవ్వుతూనే అంది కానీ నాకు నవ్వు రాలేదు.

వ్యాకరణం వద్దని నేననడం లేదు. ఆ 'అన్‌లెస్' రాకపోతే ఆ కాగితం అసలు అర్థమే కాదు. అడిగే తీరు మారాలంటున్నాను. అలాంటి ఒప్పందంలోంచి ఐదారు వాక్యాలు ఇచ్చి, 'ఈమె ఫోన్‌లో చెప్పి మానేస్తే ఏమవుతుంది? ఏ మాటను బట్టి చెబుతున్నావు?' అని అడగండి. పాసివ్ వాయిస్ కూడా అంతే. వాక్యాన్ని ఇటునుంచి అటు తిప్పమనే బదులు, సేవలకు అంతరాయం కలిగిందంటూ ఒక కంపెనీ పెట్టిన క్షమాపణ ప్రకటన ఇచ్చి, 'ఇందులో తప్పు ఎవరు చేసినట్టు రాశారు?' అని అడగండి. ఎవరూ చేసినట్టు లేదని పిల్లలే కనిపెడతారు. అలా రాయడానికే పాసివ్ వాయిస్ పనికొస్తుందని ఆ రోజు తెలుసుకున్నవాళ్లు ఇక మరిచిపోరు.

ఇక వినడం, మాట్లాడడం. ఇక్కడ నాకు కొంచెం కోపం ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరాయి భాషీయుల కోసం మొదటి ఇంగ్లీష్ పరీక్ష పెట్టింది 1913లో. రాసినవాళ్లు ముగ్గురే, ఒక్కరూ పాసవ్వలేదు. అనువాదం, వ్యాసం, సాహిత్యం, ధ్వనిశాస్త్రం అన్నీ కలిపి పన్నెండు గంటల పరీక్ష. అంత పాతకాలపు పరీక్షలో కూడా అరగంట డిక్టేషన్, అరగంట చదివి మాట్లాడడం ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే చేసిన పని అది. మన పబ్లిక్ పరీక్షలో పిల్లలు నోరు విప్పేది అదనపు పేపరు కావాలన్నప్పుడే.

దక్షిణ కొరియాలో ఏటా నవంబరులో కాలేజీ ప్రవేశ పరీక్ష జరుగుతుంది. అందులో ఇంగ్లీష్ వినే భాగం నడిచేటప్పుడు, దానికి కాస్త ముందూ వెనకా కలిపి అరగంటకు పైగా, దేశమంతటా విమానాలు ఎక్కనివ్వరు, దిగనివ్వరు. మనం విమానాలు ఆపనక్కర్లేదు, గదికో స్పీకరు, ఆ కాసేపు కారిడార్లో నిశ్శబ్దం ఉంటే సరిపోతుంది. జపాన్‌ పాత ప్రవేశ పరీక్షలో చదివే భాగానికి 200 మార్కులు, వినే భాగానికి 50 ఉండేవి. 2021లో మొదలైన కామన్ టెస్ట్‌లో రెంటికీ చెరో వంద ఇచ్చారు. విడిగా అడిగే ఉచ్చారణ, వ్యాకరణ బిట్లను తీసేశారు. పరీక్షలో లేనిది క్లాసులో ఉండదు, పరీక్షలోకి వచ్చింది క్లాసులోకి దానంతటదే వస్తుంది. దీనికి పరీక్షల పండితులు వాష్‌బ్యాక్ అని పేరు పెట్టారు. చాక్ పీసు పట్టుకున్న ఎవరికైనా ఆ పేరుతో పని లేకుండానే ఇది తెలుసు.

మాట్లాడే పరీక్ష అంత సులువు కాదు. అది దాచి ఈ ఉత్తరం రాస్తే మోసమవుతుంది. ఇంగ్లండ్‌లోనే బడి చివర రాసే జీసీఎస్ఈ ఇంగ్లీష్‌లో మాట్లాడే, వినే భాగానికి వచ్చిన మార్కులను గ్రేడు లెక్కలోంచి తీసేయాలని 2013లో నిర్ణయించారు. బడుల్లో టీచర్లే వేసే ఆ మార్కులు అన్నిచోట్లా ఒకే కొలతలో ఉన్నాయని నమ్మకంగా చెప్పలేకపోవడమే కారణం. అప్పటినుంచి దాని ఫలితం సర్టిఫికెట్ మీద విడిగా వస్తోంది. జపాన్ కూడా మాట్లాడే నైపుణ్యాన్ని ప్రైవేటు పరీక్షలతో కొలుద్దామనుకుంది. డబ్బున్నవాళ్లకు, పెద్ద ఊళ్లలో ఉన్నవాళ్లకే అది అనుకూలమని గొడవ కావడంతో 2019లో వాయిదా వేసి, తర్వాత పూర్తిగా మానుకుంది. మన దగ్గర ఇంటర్నల్ మార్కుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇరవైకి ఇరవై వేయని బడి ఎక్కడైనా ఉంటే చూడాలని ఉంది.

అందుకే నా సలహా వేరు. వినే భాగాన్ని రాబోయే పరీక్షలోనే అసలు పేపర్లో పెట్టండి. మాట్లాడే భాగానికి కొన్నేళ్లు మార్కులు కలపకండి, విడిగా ఒక వరుసలో చూపించండి. పరీక్ష పెట్టేది వేరే బడి టీచర్. అడిగేది కంఠస్థం చేసిన 'మైసెల్ఫ్' కాదు, అప్పటికప్పుడు ఇచ్చిన బొమ్మ గురించో, టైంటేబులు గురించో ఐదు నిమిషాల మాట. అసలు 'మైసెల్ఫ్' అంటూ మొదలుపెట్టడమే తప్పని చెప్పి చెప్పి అలిసిపోయాను, అది వేరే ఉత్తరం.

ఇంకొకటి అడుగుతాను, మీ అధికారులు ఉలిక్కిపడతారేమో. ఇంగ్లీష్ పేపర్లో తెలుగు జవాబు ఒకటి ఉండాలి. ఇంగ్లీష్ రాని ఇంట్లో పిల్లలే దుబాసీలు. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజీ, ఆసుపత్రి కాగితం, మందు డబ్బా మీది సూచన, ఏదొచ్చినా "ఒరేయ్, ఇందులో ఏముందో చెప్పు" అంటారు. 'ఎనిమిది గంటలకొకటి, రోజుకు మూడుకు మించి వద్దు' అన్న వాక్యాన్ని అమ్మమ్మకు సరిగ్గా చెప్పగలగడం ఎంత పెద్ద పనో ఆలోచించండి. ఐరోపా మండలి 2001లో భాషాస్థాయిలకు ఒక చట్రం ప్రకటించింది. ఏ1 నుంచి సీ2 వరకు అందరూ చెప్పుకునే మెట్లు అవే. 2020లో దాన్ని విస్తరించినప్పుడు ఇలా ఒకరి మాటను ఇంకొకరికి అందించే నేర్పుకూ, ఆన్‌లైన్ సంభాషణకూ వివరంగా కొలతలు ఇచ్చారు. కాబట్టి ఇది నా చాదస్తం కాదు. ఒక ఇంగ్లీష్ నోటీసు ఇచ్చి, 'చదువు రాని పెద్దావిడకు దీని సంగతి తెలుగులో మూడు వాక్యాల్లో చెప్పు. ఆవిడ ఏం చేయాలి? ఎప్పటిలోగా?' అని అడిగితే చాలు. అర్థం కానివాళ్లు ఆ జవాబు రాయలేరు, గైడూ ఆదుకోలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఇంటి దగ్గర రాసుకొచ్చే ప్రాజెక్టు మార్కులకు అర్థం లేకుండా పోయింది. పిల్లలు తెచ్చే ఇంగ్లీష్ నా ఇంగ్లీష్ కన్నా నున్నగా ఉంటోంది. దీనికి విరుగుడు నిషేధం కాదనే అనుకుంటున్నాను. యంత్రం రాసిన ఫిర్యాదు ఉత్తరాన్నే పరీక్షలో అచ్చు వేయండి. పక్కన జరిగిన సంగతులు నాలుగు ముక్కల్లో ఇవ్వండి. వస్తువు కొన్నది మంగళవారం, ఉత్తరంలో శుక్రవారమని ఉంది. అడగాల్సింది డబ్బు వాపసు, ఉత్తరం క్షమాపణతో సరిపెట్టుకుంది. ఇవి పట్టుకుని సరిచేయమనండి. రేపు వాళ్లు ఆఫీసుల్లో చేయబోయే పని అదే. వ్యాకరణం తప్పులేని ఉత్తరంలో విషయం తప్పు ఉండొచ్చని వాళ్లకు ఎవరో ఒకరు చూపించాలి కదా.

ఇలాంటి మాట ఎత్తగానే పద్యాలు, కథలు తీసేస్తారని కొందరు భయపడతారు. తీసేయకండి. చూడని పద్యం ఒకటి ఇచ్చి, ఇందులో నీకు నచ్చిన మాట ఏది, ఎందుకు అని అడిగితే అదీ బట్టీకి లొంగదు. కంప్యూటర్లు లేవనే సాకు కూడా వద్దు. ఫిన్లాండ్ 2016లో మొదలుపెట్టి 2019 కల్లా బడి ముగింపు పరీక్షలన్నీ కంప్యూటర్ మీదికి తెచ్చిన మాట నిజమే. కానీ నేను పైన అడిగిన ప్రశ్నల్లో స్పీకరు కావాల్సింది ఒక్కటే. మిగతావి మామూలు కాగితం మీద అచ్చవుతాయి. ఈ కొత్త ప్రశ్నలకూ గైడులు వస్తాయంటారా? వస్తాయి. నోటీసు ప్రతి ఏడాదీ మారితే గైడువాళ్లు కూడా చదవడమే నేర్పాల్సి వస్తుంది, అందులో నష్టమేముంది?

ఇవన్నీ ఒక్క ఏడాదిలో కావని నాకు తెలుసు. కమిటీ వేయాలి, మాదిరి పేపర్లు రావాలి, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. ఈ ఏడాదికి మాత్రం ఒక చిన్న పని అడుగుతున్నాను, దీనికి కమిటీ అక్కర్లేదు. వాల్యుయేషన్ కీలో 'ఫార్మాట్ – 2 మార్కులు' అన్న వరుస కొట్టేసి, ఆ చోట 'చదివినవాళ్లకు ఏం చేయాలో అర్థమైందా – 2 మార్కులు' అని రాయించండి. స్టాంపు గీసిన ఆ పిల్లవాడి పేపరు దిద్దేటప్పుడు నా దగ్గర ఆ వరుస లేదు.

భవదీయురాలు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీష్ టీచర్