బ్యాటరీ మార్చేముందు ఆల్టర్నేటర్ సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పొద్దున్నే కారు స్టార్ట్ కాకపోతే మనందరి నోటా వచ్చే మాట ఒకటే, బ్యాటరీ పోయింది అని. నేనూ అదే అనుకుని కొత్తది వేయించాను. మూడు వారాలు తిరక్కుండానే ఒక రాత్రి ఇంటికి వస్తుంటే హెడ్‌లైట్లు ఎర్రబడి, వైపర్లు నీరసంగా కదిలి, స్టీరింగ్ బరువెక్కి, చివరికి ఇంజినే ఆగిపోయింది. వెనక సీట్లో మా అమ్మ ఉంది, పక్కనుంచి లారీలు దూసుకుపోతున్నాయి, ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. తర్వాత తేలిందేమిటంటే పాత బ్యాటరీలో పెద్ద దోషమేమీ లేదు, ఇంజిన్ నడుస్తుండగా కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి అది ఒకసారి ఛార్జ్ చేస్తూ ఒకసారి మానేస్తూ వచ్చింది. బ్యాటరీ అమ్మినవాళ్లు ఒక్క నిమిషం మీటర్ పెట్టి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

బ్యాటరీ ముఖ్యమైన పని ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం. ఆ తర్వాత లైట్లకీ, బ్లోయర్‌కీ, ఫ్యూయల్ పంపుకీ, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కీ కరెంటు ఇచ్చేది, బ్యాటరీని తిరిగి నింపేది బెల్టుతో తిరిగే ఆల్టర్నేటరే. ఊట ఎండిపోయాక కుండ మార్చి ఏం లాభం?

ఆల్టర్నేటర్ పాడయ్యేముందు బండి చాలాసార్లు చెబుతుంది, మనమే వినిపించుకోం. డ్యాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు తాళం తిప్పగానే వెలగాలి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోవాలి. నడుస్తుండగా వెలిగినా, మిణుకుమిణుకుమన్నా ఛార్జింగ్‌లో తేడా ఉన్నట్టే. అసలు తాళం తిప్పినప్పుడే వెలగకపోయినా చూపించుకోవాలి, ఎందుకంటే కొన్ని బళ్లలో ఆల్టర్నేటర్ పని మొదలుపెట్టడానికి కావలసిన కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లైట్లు మసకబారి యాక్సిలరేటర్ తొక్కగానే కాంతి పెరగడం, చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే బెల్టు కీచుమనడం, రబ్బరు కాలిన వాసన, బేరింగ్ నుంచి వచ్చే గరగర శబ్దం, ఇవన్నీ హెచ్చరికలే. ఇంకొకటి చాలామందికి తెలియదు, ఆల్టర్నేటర్ లోపల కరెంటును ఒక్క వైపే పోనిచ్చే డయోడ్ పాడైతే బండి ఆపి పెట్టినా రాత్రంతా బ్యాటరీ నుంచి కరెంటు కారిపోతూ ఉంటుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

ఇంట్లో వోల్టులు కొలిచే ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12 వోల్టుల బ్యాటరీ మీద 12.6 దగ్గర చూపించాలి, ఇంజిన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే ఛార్జింగ్ సరిగా లేదు. 15 దాటిపోతే వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మీద అనుమానపడాలి, అది బ్యాటరీని ఉడికించేస్తుంది, బల్బుల్ని మాడ్చేస్తుంది. కొన్ని కొత్త బళ్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ను తగ్గించి పెంచుతుంది కాబట్టి ఒక్క రీడింగ్ చూసి కంగారు పడొద్దు, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఒకటుంది. ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, "బండి ఆగలేదు, ఆల్టర్నేటర్ బాగుంది" అని తేల్చేసే పరీక్ష. బ్యాటరీని తీసేసిన ఆ క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి డయోడ్లనీ, రెగ్యులేటర్‌నీ, బండి కంప్యూటర్‌నీ కాల్చేయగలదు. మీ ముందు ఎవరైనా ఆ పని చేయబోతే దయచేసి ఆపండి, ఎంత అనుభవమున్న మెకానిక్ అయినా సరే.

పాడవకుండా చూసుకోవడం పెద్ద పనేం కాదు. సర్వీసుకిచ్చినప్పుడల్లా బెల్టు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ చూడమని అడగండి. బెల్టు మీద పగుళ్లు లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు, ఇప్పటి బెల్టులు పగలకుండానే గాడులు అరిగిపోయి జారతాయి. పైనుంచి ఆయిల్ కారుతుంటే ముందు దాన్ని ఆపించండి, ఇంజిన్ కడిగేటప్పుడు ఆల్టర్నేటర్ మీదకి నీళ్లు గట్టిగా కొట్టనివ్వకండి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని జంప్ స్టార్ట్ చేసి, అంటే ఇంకో బ్యాటరీకి వైర్లు కలిపి స్టార్ట్ చేసి, అదే నిండుతుందిలే అని వదిలేయడం ఆల్టర్నేటర్‌కి పెద్ద శ్రమ, ఛార్జర్‌తో నింపుకోవడం మేలు. జంప్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే డయోడ్లు అక్కడికక్కడే పోతాయి.

దారిలో ఎర్ర లైటు వెలిగితే ఏసీ, పాటలు కట్టేసి, ఇంజిన్ ఆపకుండా దగ్గర్లో భద్రంగా ఆగగల చోటికి చేరండి, ఒకసారి ఆపితే మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. కానీ టెంపరేచర్ ముల్లు కూడా పైకి లేస్తుంటే బెల్టే తెగిందేమో, చాలా ఇంజిన్లలో వాటర్ పంపు తిరిగేది దానితోనే, అప్పుడు మాత్రం వెంటనే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయాల్సిందే.

బ్యాటరీ అమ్మేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. కొత్తది బిగించాక ఇంజిన్ నడిపించి, ఎన్ని వోల్టులు వచ్చిందో బిల్లు మీద రాసివ్వండి. కొనేవాళ్లు కూడా ఆ అంకె వేయించుకోకుండా బండి కదిలించొద్దు.

ఇట్లు,
మీ పాఠకుడు