విమానం దిగిన రోజే కారు తీసుకోవాలా?

సంపాదకులకు,

విదేశీ యాత్రల మీద వచ్చే వ్యాసాల్లో చూడాల్సిన చోట్లు ఉంటాయి, ఏ నెలలో వెళ్తే బాగుంటుందో ఉంటుంది. అక్కడికి చేరే రోజు గురించి మాత్రం ‘విమానాశ్రయంలోనే కారు అద్దెకు దొరుకుతుంది’ అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. దొరుకుతుంది, నిజమే. కానీ విమానం ఒక సైట్లో, కారు ఇంకో సైట్లో, హోటల్ మరో చోట బుక్ చేసుకున్నవాళ్లకు తిప్పలన్నీ ఆ ఒక్క రోజే ఎదురవుతాయి. విమానం ఆలస్యమైందని కారు కంపెనీకి ఎవరూ చెప్పరు. కారు ఎవరి పేరున ఉందో, కార్డు ఎవరిదో బుకింగ్ సైటు సరిచూడదు. రోజుకో ఊరు తిరిగే మనిషికి తప్పిపోయిన పెట్టె ఎక్కడ అందించాలో విమాన సంస్థకు తెలియదు. ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోటే అన్నీ తెగుతాయి కాబట్టి ఆ చోట్ల గురించే ఈ ఉత్తరం.

ముందు తేదీ. టికెట్ మీద 15వ తేదీ 00:40 అని ఉందంటే విమానాశ్రయానికి చేరాల్సింది 14 రాత్రి. 15 రాత్రి వెళ్తే విమానం పోయి దాదాపు ఒక రోజవుతుంది. తరచూ తిరిగేవాళ్లు కూడా ఇందులో పడతారు. అలాగే దిగే సమయం పక్కన చిన్నగా ‘+1’ అని ఉంటే మర్నాడు దిగుతారని అర్థం. అది గమనించకుండా బయల్దేరిన తేదీకే కారు బుక్ చేస్తే, విమానం ఇంకా గాల్లో ఉండగానే కౌంటర్లో ‘రాలేదు’ అని రాసి బుకింగ్ రద్దు చేస్తారు. ముందే కట్టిన డబ్బు చాలా ఒప్పందాల్లో వెనక్కి రాదు.

కారు బుకింగ్‌లో విమానం నంబరు అడిగే గడి ఒకటుంటుంది. తప్పనిసరి కాదు కదా అని దాన్ని ఖాళీగా వదిలేయొద్దు. నంబరు ఇస్తే విమానం ఆలస్యమైనా సాధారణంగా కౌంటర్ తెరిచి ఉన్నంతసేపు కారు అట్టిపెడతారు. ఇవ్వకపోతే చెప్పిన వేళ దాటాక దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. కౌంటర్ మూసే వేళ కూడా ముందే చూసుకోవాలి. రాత్రి 11కి మూసేచోట 10:15కి దిగితే ఆ రోజు కారు లేనట్టే. దిగే సమయాన్నే కారు సమయంగా పెట్టడం ఇంకో పొరపాటు. తలుపు తెరవాలి, ఇమిగ్రేషన్ వరుస దాటాలి, బెల్టు మీద పెట్టె రావాలి, కౌంటర్ టెర్మినల్ బయట ఉంటే షటిల్ బస్సు కోసం నిలబడాలి. వీటన్నిటికీ గంటన్నర నుంచి రెండు గంటలు వేసుకోవాలి. షెంగెన్ దేశాల్లో (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న ఐరోపా దేశాలు) 2025 అక్టోబరు 12 నుంచి, ఐరోపా యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్ల వేలిముద్రలు, ముఖం ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. దాని కింద మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంకాస్త సమయం పడుతుంది.

మధ్యలో విమానం మారాలంటే రెండూ ఒకే పీఎన్‌ఆర్‌లో ఉండేలా కొనాలి. ఒకే టికెట్ అయితే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా, తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత సంస్థది. విడి టికెట్లయితే రెండో సంస్థ లెక్కలో మీరు అసలు రాలేదు. తిరుగు ప్రయాణం కూడా ఆ టికెట్లోనే ఉంటే సాధారణంగా అదీ రద్దవుతుంది. పైగా విడి టికెట్లలో పెట్టె చాలాసార్లు మధ్య ఊళ్లోనే దిగిపోతుంది. దాన్ని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దాటాలంటే ఆ దేశపు వీసా కావాల్సి రావచ్చు. అమెరికాలో ఒకే టికెట్ అయినా సరే, సాధారణంగా మొదట దిగిన ఊళ్లోనే పెట్టె తీసుకుని కస్టమ్స్ దాటించి మళ్లీ అప్పగించాలి. అక్కడ గంటంపావు విరామం బొత్తిగా చాలదు.

పెట్టెకు కట్టే చీటీ మీద మూడక్షరాల విమానాశ్రయం కోడ్ మీరు దిగే ఊరిదేనా అని చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే చదువుకోవాలి. పాత ప్రయాణాల బార్‌కోడ్ స్టిక్కర్లు పీకేయాలి, స్కానర్ వాటినీ చదువుతుంది. పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల దాకా అడగక్కర్లేదు, 160 దాకా సంస్థ అనుమతి కావాలి, ఆపైన కుదరదు. ఎంఏహెచ్ అంకెను 3.7తో గుణించి 1000తో భాగిస్తే వాట్-అవర్లు వస్తాయి. 20,000 ఎంఏహెచ్‌ది 74 అన్నమాట.

పెట్టె రాకపోతే హాలు దాటకముందే ఫిర్యాదు రాయించి, దానికిచ్చే పీఐఆర్ నంబరు తీసుకోవాలి. అందులో మూడక్షరాల విమానాశ్రయం కోడ్, రెండక్షరాల సంస్థ కోడ్, అయిదంకెలు ఉంటాయి. ఒకసారి బయటికొచ్చాక మళ్లీ లోపలికి రానివ్వరు. కారులో తిరిగేవాళ్లు ఒక్క హోటల్ చిరునామా ఇచ్చి ఊరుకుంటే పెట్టె మీ వెనకే ఊరూరా తిరుగుతుంది. ఏ తేదీన ఎక్కడుంటారో వరుసగా రాసివ్వాలి. 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె పాడైతే అందిన 7 రోజుల్లో, ఆలస్యంగా వస్తే అందిన 21 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావాల్సిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. సామాను పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కలకు వాడే ప్రమాణం). అంత సొమ్మూ ఇస్తారని కాదు, నష్టం ఎంతో మీరు చూపించాలి. ఆ రెండు మూడు రోజుల్లో కొన్న బట్టలకూ సబ్బుకూ కూడా రసీదులు దాచుకోవాలి.

ఇక కారు కౌంటర్. అసలు డబ్బు పోయేది ఇక్కడే.

అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ లైసెన్సుకు అనువాదం మాత్రమే, అసలు లైసెన్సు లేకుండా చెల్లదు. రెండూ కాగితాలుగా, చేతిసంచిలో ఉండాలి. పర్మిట్లలో 1949 జెనీవా ఒప్పందం నమూనా ఒకటి, 1968 వియన్నా ఒప్పందం నమూనా ఒకటి. జపాన్ 1949 నాటి నమూనానే ఒప్పుకుంటుంది. చైనా ప్రధాన భూభాగంలో రెండూ పనికిరావు. ప్రభుత్వం గానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన సంఘం గానీ ఇచ్చిన పర్మిటే తీసుకోవాలి. ఆన్‌లైన్లో డబ్బు కట్టించుకుని పంపే రంగురంగుల ‘అంతర్జాతీయ లైసెన్సు’ కార్డులు కౌంటర్లోనూ పోలీసు దగ్గరా చెల్లవు.

కార్డు విషయంలో పేచీ ఇంకా మామూలు. ప్రధాన డ్రైవరు పేరున ఉన్న క్రెడిట్ కార్డే కావాలంటారు. కారు భార్య పేరున, కార్డు భర్త పేరున ఉంటే పక్కనే నిలబడి ఉన్నా కుదరదనే కౌంటర్లు ఎక్కువ. డెబిట్ కార్డు చాలాచోట్ల తీసుకోరు, లేదా తీసుకుని వాళ్ల బీమా తప్పనిసరిగా అంటగడతారు. కార్డు మీద డిపాజిట్ కింద కొంత సొమ్ము బ్లాక్ చేసి ఉంచుతారు. లిమిట్ చాలకపోతే కారు ఇవ్వరు. కారు తిరిగిచ్చాక కూడా ఆ సొమ్ము విడుదలవడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. కాబట్టి హోటళ్లకు వాడే కార్డూ డిపాజిట్ కార్డూ వేరుగా ఉంటే నయం. మెషీన్ ‘మీ దేశపు కరెన్సీలో కట్టమంటారా’ అని అడిగితే వద్దనాలి. ఆ మార్పిడి రేటు మీకు లాభించడం అరుదు.

బీమా కాగితంలో సీడీడబ్ల్యూ అని ఉంటుంది, అంటే కారుకు దెబ్బ తగిలితే ఆ ఖర్చు మీ మీద పడకుండా చూసే రక్షణ. యూరప్‌లో అద్దెలోనే కలిసి ఉండటం మామూలు, అమెరికాలో చాలావరకు విడిగా కొనాలి. అది ఉన్నా ప్రమాదానికి మొదటి కొంత మొత్తం మీరే భరించాలి, దాన్నే ఎక్సెస్ అంటారు. టైర్లు, రిమ్ములు, ముందు అద్దం, కారు అడుగుభాగం, పైకప్పు చాలా ఒప్పందాల్లో సీడీడబ్ల్యూ బయటే ఉంటాయి. ఐస్‌లాండ్‌లో గాలికి తలుపు విసురుగా తెరుచుకుని మడత పడితే అదీ సాధారణంగా మీ ఖర్చే. ఎక్సెస్ కోసం బయటి కంపెనీ పాలసీ చవకగా దొరుకుతుంది. అయితే దానితో డిపాజిట్ తగ్గదు, ముందు మీరు కట్టి తర్వాత వాళ్ల దగ్గర వసూలు చేసుకోవాలి. వీటన్నిటికన్నా ముఖ్యం, ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా ఎంత ఉందన్నది. అమెరికాలో దాన్ని ప్రత్యేకంగా అడగాలి.

బుకింగ్‌లో ‘ఈ కారు లేదా ఇలాంటిది’ అని ఉంటుంది కాబట్టి ఫొటోను నమ్మొద్దు, నాలుగక్షరాల కోడ్ చూడండి. సీడీఎంఆర్‌లో మూడో అక్షరం ఎం అంటే చేతి గేర్లు. అక్కడ ఏ ఉంటే ఆటోమేటిక్. యూరప్‌లో చవకగా కనిపించేది చాలావరకు ఎం.

తాళం అందుకున్నాక పావుగంట కారు చుట్టూ తిరగండి. వీడియో ఆపకుండా నాలుగు వైపులా తీయాలి. ఆపైన దగ్గరగా నాలుగు రిమ్ములు, బంపర్ల కింది అంచులు, ముందు అద్దం, పైకప్పు, మీటరు, ఇంధనం ముల్లు. రిమ్ము అంచున వెండిరంగు లేచిపోయి గరుకుగా వేలికి తగిలే గీత ఉందంటే అది కాలిబాట రాయికి రాసుకున్న గుర్తు. గొడవలు ఎక్కువ వచ్చేది దాని మీదే. చీకటి బేస్‌మెంటులో, తడి కారు మీద గీతలు కనిపించవు. వెలుతురులోకి తెచ్చి తుడిచి చూడాలి. కనిపించినవన్నీ చెక్-అవుట్ కాగితంలో (కారు ఇచ్చేటప్పుడు దాని స్థితి రాసేది) రాయించి సంతకం తీసుకున్నాకే కదలాలి.

రిమ్ములకే ఎందుకు తగులుతుందంటే, డ్రైవరు సీటు ఎడమ నుంచి కుడికో కుడి నుంచి ఎడమకో మారినప్పుడు కళ్లు పాత అలవాటు ప్రకారమే దూరం కొలుస్తాయి. కారు వెడల్పంతా ఇప్పుడు రెండో పక్కన ఉంది. దాంతో బండి పక్క సీటు వైపు జరుగుతూ పోతుంది. ఆ వైపు రిమ్ములు, అద్దం దెబ్బతింటాయి. ఏ దేశంలోనైనా పనికొచ్చే గుర్తు ఒకటే: రెండు వైపులా రాకపోకలున్న రోడ్డు మీద డ్రైవరు కూర్చున్న వైపు మధ్య గీత ఉండాలి. రద్దీలో ముందు బండిని చూసి సరిగానే వెళ్తాం. తప్పేది ఖాళీ రోడ్డు మీద, పెట్రోలు బంకులోంచి బయటికి తిరిగేటప్పుడు. ఇండికేటర్ వేయబోతే వైపర్లు ఆడటం దీని ముందు చిన్న విషయం.

నిద్ర లెక్క కూడా ఉంది. 17 గంటలు మెలకువగా ఉన్న మనిషి చురుకుదనం రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని 1997లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. చాలా దేశాల్లో తాగి నడిపిన నేరానికి హద్దు అదే. ఖండాలు దాటి దిగేవాళ్లకు 17 గంటలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. నా సలహా సూటిగా: ఆ రోజు రైలో టాక్సీనో పట్టుకుని హోటల్‌కు వెళ్లండి. కారు మర్నాడు పొద్దున ఊళ్లోని బ్రాంచిలో తీసుకోండి. విమానాశ్రయం కౌంటర్లు సాధారణంగా కలిపే అదనపు రుసుము తప్పుతుంది, ఒక రోజు అద్దె, పార్కింగ్ మిగులుతాయి, విమానం ఆలస్యమైనా బుకింగ్ పోదు. ఆలస్యమయ్యే పెట్టెకు కూడా ఒక రాత్రి గడువు దొరుకుతుంది.

ఇంధనం దగ్గర రంగును నమ్మితే మోసపోతారు. యూరప్‌లో ఆకుపచ్చ నాజిల్ మామూలుగా పెట్రోలు, అమెరికాలో చాలాచోట్ల అదే రంగు డీజిల్. ఐరోపా యూనియన్‌లో 2018 అక్టోబరు నుంచి గుర్తులున్నాయి: గుండ్రటి దాంట్లో ఈ5, ఈ10 అంటే పెట్రోలు, చతురస్రంలో బీ7 అంటే డీజిల్. ఇంధనం మూత లోపలి వైపు కూడా అదే గుర్తు ఉంటుంది. పెట్రోలు నాజిల్ సన్నం కాబట్టి డీజిల్ కారులోకి సులువుగా దూరుతుంది. డీజిల్‌లోని జిడ్డే హైప్రెషర్ పంపుకు కందెన, పెట్రోలు కలిస్తే అది అరిగిపోతుంది. పొరపాటు తెలిసిన క్షణం ఇగ్నిషన్ కూడా వేయొద్దు, ట్యాంకులోని పంపు ఆ ఇంధనాన్ని ముందుకు తోసేస్తుంది. కంపెనీకి ఫోన్ చేసి ట్యాంకు ఖాళీ చేయించాలి. అమెరికా పంపు జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) అడిగితే విదేశీ కార్డు చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి ముందే కట్టాలి.

జరిమానాలు నెమ్మదిగా వస్తాయి. ఇటలీ పాత ఊళ్ల నడిబొడ్డున జెడ్‌టీఎల్ అనే హద్దు ఉంటుంది. ఎర్ర వలయం బోర్డు, పక్కన కెమెరా. అనుమతి లేకుండా దాటితే జరిమానా. హోటల్ లోపలుంటే వెళ్లేముందే కారు నంబరు నమోదు చేయించమనాలి. నోటీసు ముందు కారు కంపెనీకి వెళ్తుంది. మీ వివరాలు అందించినందుకు వాళ్లు కార్డు నుంచి రుసుము లాగుతారు, అసలు జరిమానా నెలల తర్వాత విడిగా వస్తుంది. విదేశాల్లో ఉండేవాళ్లకు పంపడానికి అక్కడి చట్టం 360 రోజులిస్తుంది. లండన్ పక్కన థేమ్స్ నది దాటే డార్ట్‌ఫర్డ్ క్రాసింగ్‌లో టోల్ గేటే ఉండదు, మర్నాటి అర్ధరాత్రిలోగా ఆన్‌లైన్లో కట్టాలి. తాళం తీసుకునేటప్పుడే టోల్ ఎవరు కడతారో అడిగేయండి.

తిరిగిచ్చే రోజు అద్దె లెక్క 24 గంటల చొప్పున సాగుతుంది. అరగంటో గంటో ఉన్న వెసులుబాటు దాటితే ఇంకో రోజు అద్దె పడుతుంది. ఇంధనం దగ్గర్లోని బంకులో నింపి రసీదు ఉంచుకోవాలి. కౌంటర్ మూసి ఉండి తాళాన్ని బయటి డ్రాప్ బాక్సులో వేస్తే, చాలా ఒప్పందాల్లో సిబ్బంది వచ్చి చూసేదాకా బాధ్యత మీదే. అందుకే వదిలిన చోట మళ్లీ అదే వరుసలో వీడియో తీయాలి. తర్వాత డ్యామేజీ బిల్లు వస్తే కట్టేయకుండా ముందు మూడు అడగండి: మీరు సంతకం చేసిన చెక్-అవుట్ కాగితం, తేదీ ఉన్న ఫొటో, మరమ్మతు ఇన్‌వాయిస్. అవి ఇవ్వకుండా సొమ్ము లాగితే కార్డు ఇచ్చిన బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పొచ్చు. దానికీ గడువుంటుంది కాబట్టి కంపెనీ జవాబు కోసం నెలల తరబడి ఎదురుచూడొద్దు.

ఇట్లు,
ఒక పాఠకుడు