చెచెన్యా గొడవ 1994లో మొదలవలేదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీరు రష్యా మీద వేసిన ఫుల్ పేజీ వ్యాసం చదివాను, బానే ఉంది గానీ రష్యా దక్షిణాన కాకసస్ కొండల్లో ఉండే చెచెన్యా గురించి రాసిన రెండు పేరాల దగ్గర మాత్రం నాకు ముద్ద దిగలేదు. 1994లో కొంతమంది మతోన్మాదులు తుపాకులు పట్టుకుంటే రష్యా సైన్యాన్ని దింపింది అన్నట్టు రాసేశారు, అంతేనా అండీ కథ?

ఆ టైంలో రష్యా నుంచి విడిపోతామన్న చెచెన్ల నాయకుడు దుదాయెవ్. సోవియట్ ఎయిర్‌ఫోర్స్‌లో జనరల్, ఎస్తోనియాలో బాంబర్ విమానాల డివిజన్‌కి కమాండర్‌గా చేశాడు, భార్య రష్యన్ ఆవిడ. ఆయన్ని పట్టుకుని మతపిచ్చోడు అంటే ఎట్లా? జీహాద్ బ్యాచ్ బలపడింది 1994లో మొదలైన మొదటి యుద్ధం ఊళ్ళని నేలమట్టం చేశాక, అది వేరే సంగతి.

అసలు గొడవ పాతది. 1785లోనే షేక్ మన్సూర్ అనే చెచెన్ నాయకుడి ఊరి మీదకి రష్యన్ దళం వెళ్ళి ఊరు తగలబెట్టి తిరిగొస్తుంటే చెచెన్లు అడవిలో కాసుకుని ఉండి ఆ దళాన్ని చావుదెబ్బ కొట్టారు. ఆ అడవే చెచెన్ల కోట. వాళ్ళకి రాజులూ లేరు దొరలూ లేరు, తెయిప్ అని వంశాలు ఉంటాయి, ఎవరి ఊరు వాళ్ళదే. ఒక రాజుని కొనేస్తేనో లొంగదీస్తేనో పని అయిపోయేది మిగతా చోట్ల, ఇక్కడ ఎవర్ని కొంటారు? అందుకని కాకసస్‌లో రష్యన్ సైన్యాధిపతిగా జనరల్ యెర్మోలోవ్ వచ్చాక 1818లో సున్‌జా నది ఒడ్డున ఒక కోట కట్టి దానికి గ్రోజ్నాయా అని పేరు పెట్టాడు, అంటే భయపెట్టేది అని. ఇవాన్ ది టెర్రిబుల్ అని మనం చదువుకున్నామే, ఆయన్ని రష్యన్లు పిలిచేది కూడా ఇవాన్ గ్రోజ్నీ అనే. ఈరోజు చెచెన్యా రాజధాని పేరు అదేనండీ, జనాన్ని బెదిరించడానికి పెట్టిన పేరులోనే ఆ జనం కాపురం ఉంటున్నారు. తర్వాతేడు దాదీ యుర్త్ అనే ఊరిని ఆడామగా చూడకుండా తుడిచేశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తుపాకీతో పాటు గొడ్డలి కూడా పనిచేసింది, దారికి రెండు పక్కలా తుపాకీ గుండు అందేంత దూరం చెట్లు కొట్టేసుకుంటూ లోపలికి వెళ్ళారు. ఈ పోరాటాన్ని నడిపిన ఇమామ్ షామిల్ 1859లో గునీబ్ అనే కొండ ఊళ్ళో లొంగిపోయాడు, కాకపోతే ఆయన చెచెన్ కాదు, పక్కనున్న దాగెస్తాన్‌కి చెందిన అవార్ జాతివాడు.

ఇవన్నీ పాత కాలం సంగతులు, మర్చిపోవచ్చు అంటారేమో. 1944లో మొత్తం జాతిని ఊళ్ళనుంచి తరిమేసింది ఎట్లా మర్చిపోతారు?

నాకు బాగా బాధ కలిగించేది ఇదే. మేం విశాలాంధ్ర పుస్తకాల వ్యాన్ ఊళ్ళోకి వస్తే పరిగెత్తినవాళ్ళం, ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితాలు పుస్తకాలకి అట్టలేసుకున్నవాళ్ళం. ఆ రంగు ఫొటోల్లో అన్ని జాతులవాళ్ళూ చేతులు పట్టుకుని నవ్వుతూ ఉండేవాళ్ళు, ఈ ముక్క ఒక్కటీ నాకు ఎక్కడా కనపడలేదు. ఫిబ్రవరి 23 ఎర్రసైన్యం దినం. దానికి ముందే మిలిటరీ ఎక్సర్‌సైజులని చెప్పి సైనికుల్ని ఊళ్ళల్లో దింపారు, జనం వాళ్ళకి ఇళ్ళల్లో చోటిచ్చి అన్నం పెట్టారు. ఆరోజు పొద్దున్నే పండగ మీటింగ్ అని మగవాళ్ళని పిలిచి తుపాకులు గురిపెట్టి మీరంతా దేశద్రోహులు, బయల్దేరండి అన్నారు. అమెరికా వాడు యుద్ధానికని సాయం ఇచ్చిన స్టూడీబేకర్ లారీల్లో స్టేషన్లకి తోలి, పశువుల్ని ఎక్కించే వ్యాగన్లలో కుక్కి కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ పంపేశారు. చెచెన్లూ, వాళ్ళ పక్క జాతి ఇంగుష్‌లూ కలిపి దాదాపు 5 లక్షల మంది, దగ్గరుండి చేయించింది స్టాలిన్ రహస్య పోలీసు అధిపతి బేరియా. నేరం ఏంటయ్యా అంటే జర్మన్లతో కుమ్మక్కు అట! జర్మన్లు పడమటి అంచుదాకా వచ్చారే గానీ వాళ్ళ ఊళ్ళల్లో చాలావాటిదాకా రానే లేదు. ఫ్రంట్‌లో ఎర్రసైన్యం తరఫున కొట్లాడుతున్న చెచెన్ కుర్రాళ్ళని కూడా వెనక్కి పిలిచి అక్కడికే తోలారు. ఇందాక చెప్పిన దుదాయెవ్ ఆ ఏడే పుట్టాడు, ఒడిలో పసిగుడ్డుగా వెళ్ళాడు.

1957లో తిరిగి రానిచ్చినప్పుడు కొంతమంది అక్కడ పాతిపెట్టిన అమ్మానాన్నల ఎముకలు మూటకట్టుకుని తెచ్చుకున్నారు. వచ్చి చూస్తే ఇళ్ళల్లో వేరేవాళ్ళు, సమాధి రాళ్ళు ఏమో రోడ్ల అంచులకీ పునాదులకీ వాడేశారు. వీళ్ళు లేనప్పుడు 1949లో గ్రోజ్నీలో ఆ యెర్మోలోవ్ బొమ్మ కూడా పెట్టారు, తర్వాత దాన్ని ఎన్నిసార్లు పేల్చారో. 1958లో వీళ్ళు మాకొద్దని అక్కడి రష్యన్లు అల్లర్లు చేశారు.

అట్లాగని రష్యన్లంతా రాక్షసులు అనడం లేదు నేను. 1994 డిసెంబర్ నుంచి గ్రోజ్నీ మీద బాంబులు పడ్డప్పుడు చచ్చిపోయినవాళ్ళలో చాలామంది ముసలి రష్యన్లే, ఎందుకంటే చెచెన్లు కొండల్లో చుట్టాల ఊళ్ళకి పోయారు, వీళ్ళకి పోవడానికి ఊరే లేదు. సొంత ప్రభుత్వం బాంబులకే పోయారు. ఇక 2004లో చెచెన్ తీవ్రవాదుల పక్షం వాళ్ళు బెస్లాన్ స్కూల్లో పిల్లల్ని బందీలుగా పట్టుకున్నప్పుడు జరిగిందానికి ఏ చరిత్ర చెప్పినా సమర్థన లేదు, 330 మందికి పైగా చచ్చిపోయారు, సగానికి పైన పిల్లలే. దాన్ని చేసినవాళ్ళు చెచెన్ల బాధని కూడా పాడు చేశారు.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తా. దుదాయెవ్ కాలంలో ఆ సమాధి రాళ్ళు ఏరి గ్రోజ్నీలో స్మారకం కట్టారు. 2014లో మాస్కో అండతో చెచెన్యాని ఏలుతున్న కదీరోవ్ ప్రభుత్వం వాటిని అక్కణ్ణుంచి తీసేసింది, సంతాప దినాన్ని ఫిబ్రవరి నుంచి మే 10కి ఎప్పుడో మార్చేశారు. అక్కడ ఫిబ్రవరి 23న గట్టిగా తల్చుకోవడం కూడా కష్టమైపోయింది. మీకు ఆ ఇబ్బంది లేదు కదా, వచ్చే ఫిబ్రవరి 23న లోపలి పేజీలో అయినా నాలుగు లైన్లు వేయండి, వ్యాసం రాసినాయన చేతే రాయించండి.

ఇట్లు,
మీ పాత చందాదారు, తెనాలి