రామప్పకు వెళ్లే ముందు ఒక మాట

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మూడో శనివారం 8, 9 తరగతుల పిల్లలను ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి తీసుకెళ్తున్నాం. శిల్పాలు చూసి, ఫొటోలు దిగి వచ్చేస్తే ఆ గుడిని సగమే చూసినట్టు. ఇంత బరువు 800 ఏళ్లుగా ఎలా నిలబడిందన్న ప్రశ్నతో పిల్లలు దాని చుట్టూ తిరగాలని మా కోరిక.

గుడి శాసనంలో తేదీ స్పష్టంగా ఉంది: శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. అంటే 1213 మార్చి 31. కట్టించినవాడు కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కాబట్టి అసలు పేరు రుద్రేశ్వరాలయం. రామప్ప అన్నది శిల్పి పేరని జనం చెప్పుకుంటారు. 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక బరువు సంగతి. పునాది గొయ్యిని ఇసుకతో నింపి, దాని మీద గుడి లేపారు. పక్కలకు జారిపోకుండా కట్టడి చేసిన ఇసుక బరువును సమంగా పంచుతుంది, నేల అదిరినప్పుడు ఆ అదురును కొంత తనలోనే ఇముడ్చుకుంటుంది. అడుగున ఎక్కడైనా ఇసుక కిందికి సర్దుకుంటే పైన రాళ్లు కుంగుతాయి. మండపంలో నేల ఎగుడుదిగుళ్లను పిల్లలు కాళ్లతోనే గుర్తుపట్టగలరు.

గోడలు ఇసుకరాయి. స్తంభాలకు, దూలాలకు గ్రానైటు, నల్లటి డోలరైటు వాడారు. గర్భగుడి మీది విమానం, అంటే శిఖరం మాత్రం ఇటుక, అదీ నీళ్లలో తేలే ఇటుక! మట్టిలో ఊక లాంటివి కలిపి కాలిస్తే అవి మండిపోయి, వాటి చోట సన్నని ఖాళీలు మిగులుతాయి. శిఖరం తేలికైతే కింది రాతి మీద భారం తగ్గుతుంది. అయితే ఖాళీలున్న ఇటుక నీటిని పీల్చుకుంటుంది, పైపూత ఊడిన చోట వాన నీరు దిగుతుంది, పగుళ్లలో మొక్కలు మొలుస్తాయి. పాత శిఖరాలకు మొదటి శత్రువు ఇదే.

ప్రయాణానికి ముందు ఇంట్లో ఒక లెక్క చేయించండి. మామూలు ఇటుక 19 × 9 × 9 సెంటీమీటర్లుంటే ఘనపరిమాణం 1,539 ఘన సెంటీమీటర్లు. తూకం 3 కిలోలైతే సాంద్రత ఘన సెంటీమీటరుకు దాదాపు 1.95 గ్రాములు. నీటి సాంద్రత ఒకటి, ఇది అంతకంటే ఎక్కువ కాబట్టి మునుగుతుంది. ఇదే కొలతల ఇటుక తేలాలంటే ఎంతలోపు తూగాలో పిల్లలే చెప్పాలి.

మండపం మూడు ద్వారాల దగ్గర, చూరు కింద ఏటవాలుగా నిలిచిన 12 మదనికలను (స్త్రీ శిల్పాలను) తీరిగ్గా చూడమనండి. డోలరైటు బాగా గట్టిరాయి. అందుకే ఒక మదనిక కాలికున్న ఎత్తుమడమల చెప్పులు, నాగిని ఒంటికి చుట్టుకున్న పాములు ఇప్పటికీ పదునుగా కనిపిస్తాయి.

గర్భగుడి ద్వారం పక్కనున్న వేణుగోపాలుడి శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతాయని చాలామంది తడుతుంటారు. మన పిల్లలు తట్టకూడదు. వేల చేతుల చెమట, జిడ్డు, దెబ్బలు రాతి నునుపును తినేస్తాయి. సుద్దముక్కలు, పెన్నులు బస్సులోనే ఉంచేస్తాం.

లోపల చెప్పులుండవు, మధ్యాహ్నానికి రాయి కాలుతుంది కాబట్టి మందపాటి సాక్సులు, టోపీ, లీటరు నీళ్లు, స్కేలు, గీతల్లేని నోటుపుస్తకం పంపండి. అనుమతి పత్రం గురువారంలోగా తరగతి ఉపాధ్యాయులకు అందాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు