టీకా కన్నా ముందు వైరస్ సంగతి చెప్పండి

సంపాదకులు గారికి,

ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా మాట వచ్చినప్పుడల్లా అధికారులు, డాక్టర్లు, మీ పత్రికతో సహా అందరూ 'ఇది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారిస్తుంది' అని చెప్పి ఊరుకుంటున్నారు. నిజమే. కానీ అది విన్న తల్లి అడిగేది వేరు. క్యాన్సర్ ఎప్పుడో పెద్దయ్యాక వచ్చేది, మా అమ్మాయికి పదేళ్లు, ఇప్పుడెందుకు సూది? దీనికి జవాబు చెప్పకుండా కాగితం మీద సంతకం పెట్టమంటే అనుమానం రాక మానదు. ఆ జవాబు ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ మన కణంలో చేసే పనిలోనే ఉంది. ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. స్థలం చాలదని ఆ భాగాన్నే కత్తిరించవద్దని మనవి.

హెచ్‌పీవీ చాలా చిన్న వైరస్. దాని డీఎన్‌ఏ పొడవు సుమారు 8 వేల బేస్ జతలే. తన డీఎన్‌ఏకు నకళ్లు తీసే పాలిమరేజ్ ఎంజైము కూడా దానికి సొంతంగా లేదు, మన కణం దగ్గర తీసుకోవలసిందే. కణమేమో విభజనకు సిద్ధమైనప్పుడే ఆ సరంజామాను సమకూర్చుకుంటుంది. గర్భాశయ ముఖద్వారపు పొరలో పైవరుసలకు చేరిన కణాలు విభజన మానేస్తాయి. వైరస్ పెద్ద ఎత్తున పెరిగేది సరిగ్గా ఆ వరుసల్లోనే! అందుకే అది కణం లోపలి సంకేతాలను తనకు అనుకూలంగా మార్చుకుంటుంది.

విభజన వద్దని కణాన్ని పట్టి ఉంచే ప్రొటీన్లలో ముఖ్యమైనది ఆర్‌బీ. అది ఈ2ఎఫ్ అనే మరో ప్రొటీన్‌ను కదలనివ్వదు. వైరస్ తయారుచేసే ఈ7 ప్రొటీన్ వెళ్లి ఆర్‌బీకి అతుక్కోగానే ఈ2ఎఫ్‌కు విడుదల దొరుకుతుంది, డీఎన్‌ఏ నకళ్లకు కావలసిన జన్యువులు పనిలోకి దిగుతాయి. ఇలా వేళ కాని వేళ మొదలైన విభజనను పసిగట్టి కణాన్ని ఆపడానికో, అవసరమైతే చంపడానికో పీ53 అనే కాపలాదారు ఉన్నాడు. వాడికీ వైరస్ దగ్గర ఉపాయం ఉంది. దాని ఈ6 ప్రొటీన్ మన కణానికే చెందిన ఒక ఎంజైమును తోడు చేసుకుని, పీ53 మీద పనికిరానిదన్న ముద్ర వేయిస్తుంది. పాడైన ప్రొటీన్లను తొలగించే వ్యవస్థ ఆ ముద్ర చూసి సొంత కాపలాదారునే ముక్కలు చేస్తుంది. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు వెనక బెంచీల వాళ్లు కూడా తల ఎత్తేవారు.

ఇంత చేసినా జ్వరం రాదు, నొప్పి ఉండదు. వైరస్ రక్తంలోకి వెళ్లదు, కణాలను బద్దలు కొట్టదు, పొరుగు కణాలను హెచ్చరించే ఇంటర్‌ఫెరాన్ సంకేతాలనూ అణచిపెడుతుంది. అయినా ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలని కొద్దిమందిలో ఒక్కోసారి వైరస్ డీఎన్‌ఏ తెగి మన క్రోమోజోములో కలిసిపోతుంది. ఆ తెగడంలో ఈ6, ఈ7లను అదుపులో ఉంచే ఈ2 జన్యువు తరచుగా దెబ్బతింటుంది. ఇక కణం తప్పులు పోగేసుకుంటూ విభజిస్తూనే ఉంటుంది. అది క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. నిజానికి దీనివల్ల వైరస్‌కూ లాభం లేదు, అలాంటి కణంలో దాని సంతతి పెరగదు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే అమెరికన్ మహిళ కణితి నుంచి తీసిన కణాలు నేటికీ ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. వాటిలో ఉన్నది ఈ వైరస్‌లోనే హెచ్‌పీవీ-18 అనే రకం. ఈ6, ఈ7లను అణచివేస్తే ఆ కణాలు కూడా విభజన ఆపేస్తాయి.

టీకాలో ఈ6 లేదు, ఈ7 లేదు, వైరస్ డీఎన్‌ఏ అసలే లేదు. ఉన్నది వైరస్ పైతొడుగు ప్రొటీన్. కాబట్టి దానివల్ల ఇన్ఫెక్షన్ రాదు. పిల్లలు పుట్టరన్న పుకారును ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పరిశీలించి ఆధారం లేదని చెప్పారు. టీకా పుట్టించే యాంటీబాడీలు వైరస్‌ను కణం బయటే పట్టుకుంటాయి, లోపలికి చేరిపోయాక ఏమీ చేయలేవు. తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. ఈ వైరస్ ముఖ్యంగా లైంగిక సంబంధాల ద్వారా సోకుతుంది కాబట్టి ఆ అవకాశం రాకముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ల మధ్యే వేయాలి.

ఇదంతా చెప్పకపోతే ఏమవుతుందో మా జిల్లాకు తెలుసు. 2009లో నాటి ఖమ్మం జిల్లాలో అమెరికాకు చెందిన పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేయించాయి. హాస్టళ్లలో ఉన్న గిరిజన బాలికల అంగీకార పత్రాల మీద చాలాచోట్ల వార్డెన్లే సంతకాలు చేశారు. ఇదే కార్యక్రమం జరిగిన గుజరాత్‌లోని వడోదరతో కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది. కానీ అంగీకారం తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. తప్పు టీకాది కాదు, చెప్పకుండా వేసినవాళ్లది. నింద మాత్రం ఇప్పటికీ టీకాయే మోస్తోంది.

వైద్య ఆరోగ్య శాఖకు నా విన్నపం ఒక్కటే. అంగీకార పత్రాన్ని సూది వేసే రోజున కాక వారం ముందే ఇంటికి పంపండి. వైరస్ ఏం చేస్తుందో, టీకాలో ఏముందో, ఆ తర్వాత చేయి నొప్పో జ్వరమో వస్తే ఎవరికి ఫోన్ చేయాలో తేట తెలుగులో ఒక పేజీ జతచేయండి. ఏజెన్సీ ఊళ్లలో కోయ భాష తెలిసిన ఆశా కార్యకర్త కూర్చుని చెప్పాలి. హాస్టల్ పిల్లలకు కూడా సంతకం తల్లిదండ్రులదే కావాలి.

తల్లుల సంగతీ చూడాలి. ఇప్పటికే సోకిన వైరస్‌ను టీకా తొలగించలేదు, వారికి కావలసింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష. 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతమేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కూతురికి టీకా వేసిన రోజే తల్లి చేతికి పరీక్ష తేదీ రాసిన చీటీ ఇవ్వవచ్చు. అందుకు కొత్త పథకం కూడా అక్కర్లేదు.

- ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకురాలు, ఖమ్మం